ఒకే పడుగు, ముప్పై పేకలు

(చింతాద్రిపేటలో జరిగిన ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



"బ్యాంకు పరీక్షల గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి సార్" అని కార్యదర్శి గారు అడిగారు. ముప్పై ఏడేళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కాబట్టి అలా అడగడం సహజమే. అయితే ఆ పరీక్షల సంగతి ఇప్పుడు నాకన్నా ఈ పిల్లలకే బాగా తెలుసు. అందుచేత ఆయన అనుమతి తీసుకుని వేరే విషయం ఎంచుకున్నాను. ఒక పియానో సంగీత రచనను మనిషి జీవితయాత్రగా ఊహించుకుంటే అందులో మనకు, ముఖ్యంగా తల్లిదండ్రులకూ పిల్లలకూ, పనికొచ్చేది ఏముంది అన్నదే ఆ విషయం.

ముందుగా ఒక మనవి. నేను బీకాం చదివినవాణ్ణి, సంగీత విద్వాంసుణ్ణి కాను. మా మనవరాలు పియానో నేర్చుకుంటోంది. వారానికి రెండు రోజులు దాన్ని క్లాసుకు తీసుకువెళ్లి బయట బెంచీ మీద కూర్చుని వినడం రిటైరైన తరువాత నాకు దొరికిన ఉద్యోగం. అక్కడి టీచరమ్మ గారు ఓపికగా చెప్పినవీ, తరువాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి చెబుతున్నాను. విన్నది సంగీతమే అయినా, నేను దాన్ని లెక్కలు రాసేవాడి చెవితోనే విన్నాను.

ఆ రచన పేరు గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్. రాసినవాడు జర్మనీ దేశపు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. రచన గురించి చెప్పే ముందు ఆయన చిన్నతనం గురించి చెప్పాలి. ఈ సభకు ఆ సంగతి బాగా తగినది.

బాఖ్ 1685లో పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో తల్లి పోయింది. పదేళ్లు నిండేలోగా తండ్రీ పోయాడు. పెళ్లయి వేరే ఊళ్లో ఉంటున్న పెద్దన్న ఆ పిల్లవాణ్ణి తన ఇంటికి తీసుకువెళ్లి, తనకు వచ్చిన సంగీతం నేర్పాడు. అన్నగారి సంసారం పెరిగింది. 1700లో, పదిహేనేళ్లు నిండబోతుండగా, బాఖ్ ల్యూనెబర్గ్ అనే దూరపు ఊరిలోని సెయింట్ మైకేల్ పాఠశాలలో చేరాడు. మంచి గొంతు ఉన్న పేదపిల్లలను అక్కడి గాయక బృందంలోకి తీసుకుని ఉచితంగా చదువు చెప్పేవారు, భోజనం, వసతి ఇచ్చేవారు. మన భాషలో చెప్పాలంటే అది స్కాలర్‌షిప్పు సీటు. ఈరోజు చెక్కు అందుకుంటున్న పిల్లలారా, మూడు వందల ఏళ్ల తరువాత కూడా ప్రపంచం వింటున్న ఆ మనిషి మీలాగే ఒకప్పుడు పరుల సాయంతో చదువుకున్న కుర్రవాడు. దీనిలో చిన్నతనపడవలసింది ఏమీ లేదని చెప్పడానికే ఈ మాట ముందుగా చెప్పాను.

ఇక రచన దగ్గరకు వద్దాం. ఇది 1741లో అచ్చయింది. నిజానికి బాఖ్ దీన్ని పియానో కోసం రాయలేదు. రెండు మెట్ల వరుసలున్న హార్ప్సికార్డు అనే పాత వాద్యం కోసం రాశాడు. ఇటలీలో క్రిస్టోఫోరి 1700 ప్రాంతంలో తయారుచేసిన పియానో అప్పటికింకా అందరి ఇళ్లలోకీ రాలేదు. ఇప్పుడు మాత్రం దీన్ని ఎక్కువగా పియానో మీదే వింటున్నాం. గోల్డ్‌బర్గ్ అన్నది ఒక కుర్ర వాద్యకారుడి పేరు. నిద్రపట్టని ఒక ప్రభువు కోసం అతను రాత్రిళ్లు దీన్ని వాయించేవాడని బాఖ్ జీవిత చరిత్ర రాసిన ఫోర్కెల్ 1802లో చెప్పాడు. ఆ కథను పండితులు పూర్తిగా నమ్మరు. పేరు మాత్రం నిలిచిపోయింది.

దీని కట్టుబడి చాలా తేలిక. మొదట 'ఆరియా' అనే నెమ్మదైన పాట. మన తాళం లెక్కలో చెప్పాలంటే 32 ఆవర్తాలు. దాని తరువాత ఒకదాని వెంట ఒకటి 30 మార్పులు. వాటినే వేరియేషన్లు అంటారు. చివర మొదటి పాటే, ఒక్క స్వరం కూడా మారకుండా, మళ్లీ వస్తుంది. అంతే.

అయితే ఒక విశేషం ఉంది. ఆ 30 మార్పులలో పైన వినిపించే పాట దాదాపు ఎక్కడా తిరిగి రాదు. మారకుండా ఉండేది ఎడమచేతి కింద, అడుగున నడిచే బేస్ వరుస. ఆ వరుసా, దానితోపాటు నడిచే స్వరమేళనమే అన్నిటికీ పునాది. పైన నాట్యం రావచ్చు, పరుగు రావచ్చు, ఏడుపు రావచ్చు. అడుగున నడక అదే.

ఇది విన్నప్పుడు నాకు మన పేటే గుర్తుకొచ్చింది. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చింతాద్రిపేట 1734లో, జార్జ్ మార్టన్ పిట్ గవర్నరుగా ఉన్న కాలంలో, నేతగాళ్ల ఊరుగా కట్టినది. చిన్న తరి పేట అన్నదే ఈ పేరయిందని చెబుతారు. తరి అంటే అరవంలో మగ్గం. ఈ పేట కట్టిన ఏడేళ్లకు అక్కడ జర్మనీలో ఈ రచన అచ్చయింది. మగ్గం మీద పడుగు ముందే బిగించి ఉంటుంది. తరువాత నేతగాడు ఏ రంగు పేక వేసినా, ఏ అంచు తీసినా, ఆ పడుగు మీదే నేయాలి. బాఖ్ చేసినదీ అంతే. పడుగు ఒకటి, పేకలు ముప్పై.

మన సంగీతం తెలిసినవారికి త్యాగరాజస్వామి కీర్తనలు గుర్తుకొస్తాయి. పల్లవిని ఒకసారి సాదాగా పాడి, అదే మాటకు సంగతి మీద సంగతి వేసుకుంటూ పోయి, అనుపల్లవికీ చరణానికీ వెళ్లి, మళ్లీ పల్లవికి వస్తాం. వచ్చిన ప్రతిసారీ పల్లవి అదే. దాన్ని వినే మనం మాత్రం కొంచెం మారి ఉంటాం. ఈ రెండు సంగీతాలకూ చుట్టరికం కలపడం మన ఊరికి కొత్త కాదు. మద్రాసు సెక్రటేరియట్‌లో ఉద్యోగం చేసిన ఏ.ఎం. చిన్నస్వామి మొదలియార్ గారు త్యాగరాజ కీర్తనలను పాశ్చాత్య సంగీతలిపిలో రాసి 1893లో అచ్చు వేయించారు. ఇళయరాజా గారు 1986లో 'హౌ టు నేమ్ ఇట్' అనే ఆల్బమ్ చేసి దాన్ని త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చారు. కాబట్టి నేను మన సభలోకి పరాయివాణ్ణి తీసుకురావడం లేదు.

ఇప్పుడు ఊహలోకి వెళదాం. ఇది మనిషి జీవితమని బాఖ్ ఎక్కడా అనలేదు. సంగీత ప్రియుల మనసుకు ఉల్లాసం కలిగించే అభ్యాసమని మాత్రమే పుస్తకం మీద రాసుకున్నాడు. జీవితమనుకోవడం మనలాంటి వినేవాళ్ల పని.

పియానో స్వరానికి ఒక గుణం ఉంది. మీట నొక్కితే లోపల ఉన్ని చుట్టిన చిన్న సుత్తి తీగను కొడుతుంది. కొట్టిన క్షణంలోనే శబ్దం పుట్టి, అక్కడి నుంచి తగ్గుతూ పోతుంది. హార్మోనియంలో గాలి కొడుతున్నంతసేపూ స్వరం నిలబడుతుంది. వేణువులో ఊపిరి ఉన్నంతసేపు నిలబడుతుంది. పియానోలో పుట్టిన స్వరాన్ని నిలిపి ఉంచడం ఎవరి తరమూ కాదు. మరి పాట ఎలా నిలుస్తుంది? ఒక స్వరం పోయేలోగా రెండోది పుడుతుంది. ఒక తరం పోయేలోగా ఇంకో తరం అందుకున్నట్టు. ఈ ఊహ నాకు అక్కడే మొదలైంది.

మొదటి ఆరియాను ఉయ్యాల అనుకుందాం. తొందరలేని పాట అది. తరువాత వచ్చే ఒకటో మార్పు, పాకడం మానేసి పరుగెత్తే పిల్లవాడిలా హుషారుగా ఉంటుంది. ఆ తరువాత మూడోది వస్తుంది. తల్లిదండ్రులు గమనించవలసినది ఇక్కడే.

ప్రతి మూడో మార్పునూ బాఖ్ 'కానన్' అనే పద్ధతిలో రాశాడు. 3, 6, 9 అలా 27 దాకా మొత్తం తొమ్మిది. కానన్ అంటే ఒక గొంతు పాట మొదలుపెడుతుంది, కొంచెం ఆగి రెండో గొంతు అదే పాట అందుకుంటుంది. మన భజనలో ముందు పాడేవారు ముగించాక వెనుకవారు పాడతారు. ఇక్కడ అలా ఆగరు. మొదటి గొంతు ముందుకు పోతూనే ఉంటుంది, రెండోది వెనుక వస్తూనే ఉంటుంది, రెండూ కలిసి వినడానికి ఇంపుగా ఉండాలి. నాన్న నడుస్తూ ఉంటే వెనుక అదే అడుగుల్లో అడుగు వేసే పిల్లవాడిలాగా.

మూడో మార్పులో ఇద్దరూ ఒకే స్వరం మీద మొదలుపెడతారు. ఆరో దానిలో ఒక స్వరం ఎడం. తొమ్మిదో దానిలో ఇంకొంచెం. ఇలా ప్రతిసారీ ఒక్కొక్క స్వరం చొప్పున దూరం పెరుగుతూ 27వ దానికి వచ్చేసరికి ఒక స్థాయిని కూడా దాటిపోతుంది. చిన్నప్పుడు నాన్న మాటే మాటగా ఉండే పిల్లవాడు హైస్కూలుకు వచ్చేసరికి కొంచెం ఎడమవుతాడు, కాలేజీకి వచ్చేసరికి ఇంకొంచెం. తల్లిదండ్రులకు ఈ దూరం బాధగానే ఉంటుంది. కానీ బాఖ్ చూపించినది ఏమిటంటే, దూరం పెరిగినా పాట అదే. ఆ దూరం వల్లనే కొత్త ఇంపు వస్తోంది. తొమ్మిదింటినీ ఒకే స్వరం మీద రాసి ఉంటే మూడోదానికే మనకు విసుగు పుట్టి ఉండేది.

ఈ తొమ్మిదింటిలో రెండింటిని, 12నీ 15నీ, ఇంకొక విధంగా రాశాడు. వాటిలో వెనుక వచ్చే గొంతు పాటను తలకిందులు చేస్తుంది. ముందు గొంతు పైకి వెళితే ఇది కిందికి దిగుతుంది, అది కిందికి దిగితే ఇది పైకి పోతుంది. వింటే ఎదిరిస్తున్నట్టే ఉంటుంది. కాగితం మీద కొలిచి చూస్తే మాత్రం అవే అడుగులు, అదే కొలత, దిక్కు మాత్రమే వేరు.

దీనికి నా ఉద్యోగంలో చూసిన ఒక సంగతి చెబుతాను. పేర్లు, ఊరు చెప్పను. మా బ్రాంచిలో ఒక పెద్దమనిషి కొడుకు ఇంజనీరింగ్ చదువుకు లోను తీసుకున్నాడు. ఆయన ఒక కొట్టులో లెక్కలు రాసేవాడు. విద్యా రుణానికి తండ్రి కూడా సంతకం పెట్టాలి కదా, పెట్టాడు. కుర్రవాడు రెండో ఏడాదిలో చదువు మానేసి, పెళ్లిళ్లకూ సభలకూ మైకులు కట్టే సౌండ్ సర్వీసులో చేరాడు. తండ్రి మాట్లాడటం మానేశాడు. కుర్రవాడు స్నేహితుల గదిలో ఉండసాగాడు.

చదువు ఆగింది కాబట్టి వాయిదాలు మొదలయ్యాయి. ప్రతి నెలా జీతం అందగానే తండ్రి వచ్చి వాయిదా కట్టి వెళ్లేవాడు. పది రోజులకు కొడుకు వచ్చి అదే ఖాతాలో తనకు చేతనైనంత కట్టి వెళ్లేవాడు. ఒకరు కడుతున్నట్టు రెండోవారికి తెలియదు. నాకు తెలుసు. కౌంటరులో కూర్చున్నవాడు ఒకరి మాట ఇంకొకరికి మోయకూడదు కాబట్టి నోరు మూసుకున్నాను. ఏడాది చివర తండ్రి ఖాతా స్టేట్‌మెంటు అడిగాడు. సంతకం పెట్టినవాడు, అడిగే హక్కు ఉంది, తీసి ఇచ్చాను. ఆయన లెక్కలు రాసేవాడు కదా, నిలబడే ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చూశాడు. తాను కట్టినవి పన్నెండు. తాను కట్టనివి మరో పదకొండు. "ఇవి ఎవరు కట్టారండీ?" అన్నాడు. "మీరు కాకపోతే ఇంకెవరు కడతారు సార్, ఇద్దరి పేరు మీదే కదా ఖాతా" అన్నాను. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తరువాత ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. గడువుకన్నా చాలా ముందే లోను తీరింది. ఖాతా మూసేరోజు ఇద్దరూ కలిసి వచ్చి సంతకాలు చేశారు. కొడుకు కలం మరిచిపోయి వస్తే తండ్రి జేబులోది తీసి ఇచ్చాడు. నేను చూసింది అంతవరకే. చాలా ఏళ్ల తరువాత, టీచరమ్మ గారు ఈ తలకిందుల కానన్ గురించి చెప్పినప్పుడు నాకు ఆ స్టేట్‌మెంటు కళ్ల ముందు మెదిలింది. ఒకరు ఎడమకూ ఒకరు కుడికీ పోయినా, ఇద్దరూ మోసినది ఒకే బాధ్యత. తలకిందులైన పాటను పాట తప్పింది అనుకోకూడదని తల్లిదండ్రులకు నా మనవి. అదే విధంగా, నాన్న వద్దన్న దారిలో నడిచే పిల్లలు కూడా ఆ బరువులో తమ వంతు మోయాలని గుర్తుంచుకోవాలి.

15వ మార్పు ఇంకొక విధంగా కూడా ముఖ్యం. అంతవరకూ రచనంతా మన శంకరాభరణం వంటి ప్రసన్నమైన స్వరాలలో సాగుతుంది. ఇక్కడ మొట్టమొదటిసారి దుఃఖపు స్వరాలు వస్తాయి. మన చెవికి కీరవాణి ఛాయ వినిపిస్తుంది. ముగిసేటప్పుడు రెండు చేతులూ ఒకదానికొకటి దూరంగా జరిగి, కుడిచేతి స్వరం పైన ఎక్కడో ఒంటరిగా ఆగిపోతుంది. సగం దారిలో ఎవరో వదిలేసి వెళ్లినట్టు ఉంటుంది. ప్లస్ టూ ఫలితాలు వచ్చిన రోజున కొన్ని ఇళ్లలో ఉండే నిశ్శబ్దం అది. కోరుకున్న సీటు రాలేదు, ఇక అంతా అయిపోయింది అనిపిస్తుంది.

కానీ 15 తరువాత 16 ఉంది. దాన్ని బాఖ్ 'ఓవర్చర్' పద్ధతిలో రాశాడు. అంటే రాజుగారి నాటకశాలలో తెర లేచేముందు వాయించే ఆర్భాటమైన ప్రారంభ సంగీతం. సరిగ్గా సగం దారిలో, అంత దుఃఖం తరువాత, కొత్తగా తెర ఎత్తుతున్నాడు. పిల్లలూ, ఈరోజు పేరు పిలిచినప్పుడు వేదిక మీదకు వచ్చేవారికే కాదు, ఈ ఏడాది మార్కులు చాలక జాబితాలో పేరు లేకుండా కింద కూర్చున్నవారికీ ఈ మాట చెబుతున్నాను. 15 దగ్గర ఆపేసినవాడికి 16 వినిపించదు.

ఆ తరువాత 25వది. మొత్తం రచనలో అన్నిటికన్నా బరువైన దుఃఖం ఇక్కడ ఉంది. చాలా నెమ్మదిగా నడుస్తుంది. పేరుపొందిన వాద్యకారిణి వాండా లండోవ్‌స్కా దీనికి నల్ల ముత్యమని పేరు పెట్టింది. బాఖ్ జీవితంలోనూ అటువంటి రోజులు ఉన్నాయి. 1720లో ఆయన తన ప్రభువు వెంట వేరే ఊరు వెళ్లి తిరిగివచ్చేసరికి భార్య మరణించి, ఖననం కూడా జరిగిపోయింది. ఇద్దరు భార్యలకూ కలిపి పుట్టిన ఇరవైమంది పిల్లలలో పెద్దవాళ్లయింది పదిమంది. 25వ మార్పు ఆ దుఃఖాల నుంచే పుట్టిందని నేను అనను. అది నాకు తెలిసే విషయం కాదు. ఆ దుఃఖాలు పడినవాడే దీన్ని రాశాడని మాత్రం చెప్పగలను. అంత దుఃఖం జరుగుతున్నప్పుడు కూడా అడుగున అదే 32 ఆవర్తాల నడక ఉంది. పడుగు తెగలేదు.

ఇక 27. ఇది ఆఖరి కానన్. మిగతా ఎనిమిదింటిలోనూ ఇద్దరు పాడుతుంటే అడుగున మూడో గొంతుగా బేస్ నడుస్తూ ఉంటుంది. ఈ ఒక్కదానిలో ఆ మూడో గొంతు లేదు. పైన ఇద్దరే మిగిలారు. ఇది తెలిసినప్పుడు నాకు మా నాయన పోయిన ఏడాది గుర్తుకొచ్చింది. ఇంట్లో పెద్దదిక్కు ఒకటి ఉన్నంతకాలం దాని శబ్దం మనకు ప్రత్యేకంగా వినిపించదు. లేనప్పుడు తెలుస్తుంది. అయినా 27 ఆగిపోదు. ఇద్దరూ సరిగ్గా పాడుతూనే ఉంటారు. లేని బేస్ వాళ్ల పాటలోనే ఇమిడి ఉంది.

30వది మూడుతో భాగించబడే సంఖ్య. లెక్క ప్రకారం పదో కానన్ రావాలి. బాఖ్ లెక్క తప్పించాడు. దాని బదులు ఆ కాలపు జానపదుల పాటలను కలిపి అల్లాడు. ఒకటి చాలాకాలం నీకు దూరంగా ఉన్నాను అనే పాట. ఇంకొకటి క్యాబేజీ, టర్నిప్ దుంపలు తినలేక ఇల్లు విడిచాననే వేళాకోళపు పాట. బాఖ్ వంశం వారు ఏడాదికొకసారి ఒకచోట చేరి, ముందు దైవప్రార్థన పాడి, తరువాత ఇలా పాటలు కలగలిపి పాడుకుంటూ పగలబడి నవ్వేవారని ఫోర్కెల్ రాశాడు. అంత పెద్ద లెక్కల మేధావి చివరకు తీసుకొచ్చి నిలబెట్టినది పండక్కి చేరిన కుటుంబాన్ని. సంక్రాంతికి అందరూ ఒకే గదిలో పడుకుని, అమ్మ చేసిన కూర మీద జోకులు వేసుకునే రాత్రి లాంటిది అది.

దాని వెంటనే మొదటి ఆరియా మళ్లీ వస్తుంది. ఇక్కడ నా బ్యాంకు బుద్ధికి ఒక ప్రశ్న వచ్చింది. ఓపెనింగ్ బ్యాలెన్సూ క్లోజింగ్ బ్యాలెన్సూ ఒకటే అయితే ఇంతసేపు ఏం జరిగినట్టు? జవాబు కూడా బ్యాంకులోనే ఉంది. ఏప్రిల్ ఒకటిన ఐదు వందలు, మార్చి ముప్పై ఒకటిన ఐదు వందలు ఉన్న ఖాతాలు నేను వేలకొద్దీ చూశాను. మధ్యలో చూస్తే పిల్లల ఫీజులు, అమ్మ ఆపరేషను, చెల్లెలి పెళ్లి, దాచినవి, తీసినవి, అన్నీ ఉంటాయి. ఆ ఇంటివాళ్లు ఎలా బతికారో ఆ వరుసల్లో తెలుస్తుంది. వట్టి చేతులతో వచ్చి వట్టి చేతులతో పోతాం అని మనవాళ్లు అంటారు. నిజమే. కానీ మధ్య పేజీలు ఖాళీగా లేవు కదా.

గ్లెన్ గూల్డ్ అనే కెనడా పియానో విద్వాంసుడు ఈ రచనను న్యూయార్కులో రెండుసార్లు రికార్డు చేశాడు. 1955లో మొదటిసారి, అప్పటికి వయసు 22. మొత్తం సుమారు 38 నిమిషాలు. 1981లో రెండోసారి, అదే స్టూడియోలో, వయసు 48. సుమారు 51 నిమిషాలు. కొన్ని భాగాలను రెండేసిసార్లు వాయించడం వల్ల కొంత, నింపాదిగా వాయించడం వల్ల కొంత సమయం పెరిగింది. మొదటి ఆరియా ఒక్కదాన్నే పోల్చండి. 22 ఏళ్లప్పుడు రెండు నిమిషాల లోపు ముగించాడు. 48 ఏళ్లప్పుడు మూడు నిమిషాలు తీసుకున్నాడు. రెండో రికార్డు 1982 సెప్టెంబరులో విడుదలైంది. అక్టోబరు 4న ఆయన కన్నుమూశాడు. అప్పటికి యాభై ఏళ్లు నిండి తొమ్మిది రోజులు.

మా మనవరాలు మొదటి రికార్డే బాగుందంటుంది. నాకు రెండోది బాగుంటుంది. ఇద్దరం వాదించుకుంటాం. మన ఇళ్లలో జరిగే వాదనలు చాలావరకు ఇవే. స్వరాలు ఒకటే, 22 వేగం ఒకటి, 48 వేగం ఇంకొకటి. 22 ఏళ్ల కుర్రవాణ్ణి 48 ఏళ్లవాడిలా వాయించమనడం న్యాయం కాదు. నాన్న ఎందుకు ఇంత నెమ్మది అని విసుక్కోవడం కూడా న్యాయం కాదు. ఆయన దగ్గర ఇంకా కొన్ని పేజీలు ఎక్కువగా ఉన్నాయి.

చివరగా రెండు మూడు పనికొచ్చే మాటలు. ఈ రచన వినడానికి డబ్బు అక్కరలేదు. మీ ఫోన్లలోనే దొరుకుతుంది. మొత్తం ఒకేసారి వినాలని పెట్టుకోకండి. ముందు ఆరియా వినండి. మరుసటి రోజు 15, 16 కలిపి వినండి. ఆ తరువాత 25. ఒక ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు 30, దాని వెంట చివరి ఆరియా వినండి. అర్థం కాలేదని దిగులుపడకండి. ఎడమచేతి కింది శబ్దాన్ని మాత్రం పట్టుకోండి. నాకు అది వినిపించడానికి నాలుగు నెలలు పట్టింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడి ఒక్క పరీక్షను, ఒక్క ఏడాదిని చూసి వాడి జీవితం ఇంతే అని తీర్పు చెప్పకండి. ముప్పైలో ఒక్కటి విని రచన బాగా లేదని చెప్పినట్టు అవుతుంది. పదో తరగతితోనో ప్లస్ టూతోనో ఆడపిల్ల చదువు ఆపేద్దామనుకునేవారు ఈ సభలో ఎవరైనా ఉంటే, దయచేసి ఇంటికి వెళ్లేముందు కార్యవర్గం వారితో ఒక్క మాట మాట్లాడండి. డబ్బు దగ్గర ఆగిపోయే చదువుల కోసమే ఈ ట్రస్టు ఉంది.

విద్యార్థులకు ఒక మనవి. మీకు ఈరోజు అందుతున్న మొత్తం పెద్దది కాకపోవచ్చు. కానీ అది ఇచ్చినవారిలో పింఛను మీద బతికేవారు ఉన్నారు, చిన్న కొట్లు నడిపేవారు ఉన్నారు. వాళ్ల పేర్లు మీకు తెలియవు. అడుగున నడిచే బేస్ లాంటివారు వాళ్లు. మీరు సంపాదించే రోజు వచ్చినప్పుడు మీ తరువాత వచ్చే పిల్లవాడికి మీరూ అలా నిలబడితే, ఈ ట్రస్టు పెద్దలు కోరుకునేది అదే.